బానెట్ మీద రెండుసార్లు వేసిన సిరామిక్ కోటింగ్: పని డైరీ

కారు బానెట్ మీద మొదటిసారి వేసిన సిరామిక్ కోటింగ్, అంటే పెయింటును కాపాడే పల్చటి గాజులాంటి పొర, పూర్తిగా పాడైంది. గట్టిపడ్డాక అది గుడ్డతో తుడిస్తే పోదు, షాంపూతో కడిగితే పోదు. మళ్లీ మెషిన్ పట్టుకుని, కిందనున్న పెయింటును కూడా కొంత అరగదీసుకుంటూ తీయాల్సి వచ్చింది. ఆ పనిలో రాసుకున్న కొలతలు, మార్చుకున్న పద్ధతులు వరసగా ఇక్కడ పెడుతున్నాను. ఇంట్లో సొంతంగా వేసుకుందామనుకునే వాళ్లకు నేను పోగొట్టుకున్న గంటలు మిగలాలని నా కోరిక.

బండి ఆరేళ్ల సెడాన్, రంగు ముదురు నీలం. ఎక్కువ రోజులు ఆరుబయటే ఉంటుంది. కోటింగ్ 50 మి.లీ. సీసా, సిలికా రకం. పని చేసిన చోటు మూడు వైపులా గోడ ఉన్న రేకుల షెడ్డు.

ముందుగా తెలిసి ఉండాల్సింది

కారు పెయింటు అంటే ఒకే పొర కాదు. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దానిమీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికంటే పైన రంగులేని క్లియర్ కోట్. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఇవన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉంటాయి. అందులో క్లియర్ కోట్ వాటా 35–50 మైక్రాన్లు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. అంటే బండికి మెరుపునిచ్చే పొర అంతా కలిపితే ఒక వెంట్రుకంత కూడా లేదు. దానిమీద మనం వేసే సిరామిక్ కోటింగ్ మందం ఒక మైక్రాన్, అటూ ఇటూ.

సీసాలో ఉండేది ద్రావకంలో కరిగిన సిలికాన్ సమ్మేళనాలు. కొన్నిట్లో సైలోక్సేన్లు, కొన్నిట్లో పాలీసైలజేన్లు. ద్రావకం ఎగిరిపోయాక మిగిలింది గాలిలోని తేమతో కలిసి గాజులాంటి గట్టి వలలా అల్లుకుంటుంది. పాలీసైలజేన్ రకమైతే గట్టిపడేటప్పుడు అమ్మోనియా వాసన కూడా వస్తుంది. గాలిలో తేమే దీన్ని గట్టిపరుస్తుందన్న సంగతి గుర్తుంచుకోండి. నా మొదటి తప్పు అంతా దీని చుట్టూ, రేకు వేడి చుట్టూ ఉంది.

ఇంకో మాట. ఈ పొర పారదర్శకం. కింద గీత ఉంటే గీత, మరక ఉంటే మరక, దాన్ని అలాగే లోపల పెట్టి మూసేస్తుంది. అందుకే పని గంటల్లో ఎక్కువ భాగం సీసా మూత తీయకముందే అయిపోతాయి.

దశ 1: మందం కొలవడం (రోజు 1)

పెయింటు మందం గేజ్‌తో ఒక్కో ప్యానెల్ మీద పది చోట్ల కొలిచాను. ముందు పెయింటు లేని ఇనుప పలక మీద సున్నా చూసుకుని, తర్వాత గేజ్‌తో వచ్చిన ప్లాస్టిక్ రేకు మందం సరిగ్గా చూపిస్తుందో లేదో సరిచూశాను.

సగటులు (మైక్రాన్లలో) ఇవి: బానెట్ 122, టాప్ 116, డిక్కీ 113, కుడి డోర్లు 119, ఎడమ ముందు డోర్ 120. ఎడమ వెనక డోర్ మీద మాత్రం 265 నుంచి 340 దాకా చూపించింది. ఎప్పుడో దాన్ని మళ్లీ పెయింట్ చేయించారన్నమాట. కంటికి తేడా తెలియలేదు, గేజ్ చెప్పింది.

గేజ్ చూపించేది మొత్తం మందం. అందులో క్లియర్ కోట్ ఎంతుందో అది విడిగా చెప్పదు. మళ్లీ పెయింట్ చేసిన డోర్ మందంగా ఉంది కదా అని ధైర్యంగా అరగదీయకూడదు, ఆ మందంలో ఎక్కువ భాగం పుట్టీ కావచ్చు. ప్లాస్టిక్ బంపర్ల మీద మామూలు గేజ్ పనిచేయదు. బానెట్ అల్యూమినియం అయితే ఆ లోహాన్ని చదవగల గేజ్ కావాలి. అయస్కాంతం అంటుకుంటుందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

ఇప్పటిదాకా: 1 గంట 30 నిమిషాలు.

దశ 2: కడగడం, అంటుకున్నవి వదిలించడం (రోజులు 1, 2)

మామూలు కడుగుడు గురించి ఎక్కువ రాయను. ముందు నురగ చల్లి ఐదు నిమిషాలు నానబెట్టి నీళ్లతో కొట్టడం, తర్వాత రెండు బకెట్లు: ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఒకదాంట్లో గ్లవ్ జాడించుకునే మంచినీళ్లు. పైనుంచి కిందికి రావాలి. సిల్ (డోర్ల కింద ఉండే పట్టీ) దగ్గర వాడిన గ్లవ్ మళ్లీ బానెట్ మీదికి వెళ్లకూడదు.

అసలు పని ఆ తర్వాతే. పల్చటి పాలిథిన్ కవరు చేతికి తొడుక్కుని, కడిగిన డోర్ మీద మెల్లగా రాసి చూశాను. వట్టి చేతికి నున్నగా అనిపించిన చోటే కవరు తొడిగితే గరగరమంది. బ్రేకుల నుంచి రాలే ఇనుప రజను, తారు చుక్కలు, చెట్టు జిగురు క్లియర్ కోట్‌లో దిగబడి ఉంటాయి, షాంపూకు రావు.

1. ఐరన్ రిమూవర్ పిచికారీ చేశాను. రెండు నిమిషాలకు చక్రాల వెనక భాగంలోనూ డిక్కీ మీదా వంకాయ రంగు ధారలు దిగాయి. అందులోని థయోగ్లైకోలేట్ ఇనుముతో కలిస్తే వచ్చే రంగు అది.
2. తారు చుక్కలకు టార్ రిమూవర్, గుడ్డకు పట్టించి అద్దడమే. రుద్దకూడదు.
3. క్లే బార్ అంటే దిగబడిన మురికిని పట్టి లాగే మెత్తటి ముద్ద. 100 గ్రాముల క్లే బార్‌ను నాలుగు ముక్కలు చేసి, జారుడు ద్రవం ధారాళంగా కొట్టుకుంటూ, బరువు పెట్టకుండా ముందుకీ వెనక్కీ తోలాను. గుండ్రంగా కాదు.
4. ప్రతి ప్యానెల్ తర్వాత మళ్లీ కవరు పరీక్ష.

ఇక్కడ రెండు నష్టాలు. ఒకటి, కుడి ముందు డోర్ మీద ఐరన్ రిమూవర్ ఉండగానే ఎండ అటు తిరిగింది. నేను ఎడమ వైపు ఉన్నాను. వచ్చేసరికి ధారలు ఆరిపోయి మసక చారలు పడ్డాయి. కడిగితే సగమే పోయాయి, మిగిలినవి పాలిషింగ్‌లో తీయాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఒకేసారి బండి అంతా కొట్టడం మానేసి, ఒక పక్క కొట్టి, కడిగి, తర్వాతే రెండో పక్కకు వెళ్లాను. రెండోది, క్లే ముక్క ఒకటి చేతిలోంచి నేల మీద పడింది. కడిగి వాడదామనిపిస్తుంది, వాడకూడదు. అందులో గుచ్చుకున్న ఒక్క ఇసుక రేణువు చాలు ప్యానెల్ అంతా గీకడానికి. పారేశాను.

ఈ దశ: 6 గంటల 15 నిమిషాలు. మొత్తం: 7 గంటల 45 నిమిషాలు.

దశ 3: పాలిషింగ్ (రోజులు 3, 4, 5)

ముదురు నీలం మీద టార్చి వేస్తే ఆరేళ్ల తుడుపుళ్లన్నీ సాలెగూడు గీతల్లా కనిపించాయి. ఇవి పోకుండా కోటింగ్ వేస్తే ఇవే మిగులుతాయి.

మెషిన్ డ్యూయల్ యాక్షన్ పాలిషర్ (ప్యాడ్ తిరుగుతూనే ఊగేది), 15 మి.మీ. ఊగుడు, 125 మి.మీ. ప్యాడ్. ప్యానెళ్ల అంచుల దగ్గర, మడతల మీద పెయింటు పల్చగా ఉంటుంది కాబట్టి వాటికి మాస్కింగ్ టేపు వేశాను. బానెట్ మీద 45 సెం.మీ. చదరం టేపుతో గుర్తు పెట్టుకుని అక్కడే ప్రయోగం చేశాను. నియమం ఒక్కటే: మెత్తటి ప్యాడ్, సన్నటి పాలిష్‌తో మొదలుపెట్టాలి, అది చాలకపోతేనే గట్టిది తీయాలి. మెత్తటి ప్యాడ్‌తో సగం గీతలు పోయాయి. మధ్యరకం ప్యాడ్, మధ్యరకం పాలిష్‌తో దాదాపు అన్నీ పోయి కొంచెం పొగలా మిగిలింది. దానిమీద మళ్లీ మెత్తటిది ఒక విడత వేస్తే ఆ పొగ కూడా పోయింది. మిగతా బండికంతా ఇదే వరస.

మెషిన్ పట్టుకున్న చేతిని సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల కంటే వేగంగా నడపకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు, రెండో గంటకు చేయి తనంతట తనే పరుగెడుతుంది. ప్యాడ్ తిరగడం ఆగిపోయి ఊరికే వణుకుతున్నా శబ్దాన్ని బట్టి తెలియదు. అందుకే ప్యాడ్ బిగించే ప్లేటు అంచున మార్కర్‌తో ఒక గీత గీశాను. గీత తిరుగుతూ కనిపిస్తే పని జరుగుతోంది. వంపుల దగ్గర అది ఆగిపోవడం చూసి మెషిన్‌ను ఎలా ఒరిగించాలో నేర్చుకున్నాను.

నాలుగో రోజు టాప్ మీద పొరపాటు జరిగింది. పాలిష్ తుడిచాక అద్దంలా ఉంది, ఒక్క గీత లేదు. మర్నాడు ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కలిపిన నీళ్లతో తుడిచి చూస్తే, పోయాయనుకున్న గీతల్లో మూడో వంతు తిరిగి కనిపించాయి. పాలిష్‌లోని నూనెలు గీతల్లో నిండి వాటిని దాచాయి, అంతే. అప్పటి నుంచి ప్రతి 45 సెం.మీ. చదరాన్నీ అక్కడికక్కడే ఐపీఏతో తుడిచి, టార్చి వేసి చూశాకే ముందుకు కదిలాను. టాప్ మొత్తం రెండోసారి చేశాను.

డిక్కీ మీద ఒక పిట్ట రెట్ట మరక ఉంది. క్లియర్ కోట్‌ను తిని చిన్న గుంట చేసింది. మధ్యరకం ప్యాడ్‌తో రెండు విడతలకు అంచులు మెత్తబడ్డాయి, గుంట మిగిలింది. అక్కడితో ఆపేశాను. గుంట అడుగుదాకా చుట్టూ పెయింటు దించాలంటే సూర్యుడి నుంచి రంగును కాపాడే పొరనే పోగొట్టుకోవాలి. వెతికితేనే కనిపించే ఒక మచ్చ కోసం అది తగదని నా నిర్ణయం.

పది చోట్ల సగటు, ముందు/తర్వాత:
బానెట్ 122 → 120
టాప్ 116 → 113 (రెండుసార్లు చేసినందుకు)
డిక్కీ 113 → 112

నా గేజ్‌లో రెండు మైక్రాన్ల తేడా రావడం మామూలే. అందుకే ఒక్క కొలతను నమ్మకుండా టేపు ముక్కతో చోటు గుర్తు పెట్టుకుని, పదింటి సగటు తీశాను.

ఈ దశ: 15 గంటల 30 నిమిషాలు. మొత్తం: 23 గంటల 15 నిమిషాలు.

దశ 4: మొదటి ప్రయత్నం, బానెట్ (రోజు 6)

ముందు ఆఖరి తుడుపు. ఐపీఏ 15 శాతం సరిపోయింది. లీటరు ద్రావణానికి లెక్క: 99 శాతం ఐపీఏ అయితే 150 మి.లీ., మిగతా 850 డిమినరలైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లు. 70 శాతం సీసా అయితే 215 మి.లీ., మిగతా 785 నీళ్లు. ఘాటుగా కలిపితే తుడిచేలోపే ఆరిపోతుంది, కొత్త పెయింటును మెత్తబరచగలదు కూడా. ఇది మంటలంటుకునే ద్రవం, కోటింగ్‌లోని ద్రావకం కూడా అంతే. గాలి ఆడే చోటు, నైట్రైల్ గ్లవ్స్, ఆవిర్లను ఆపే మాస్కు తప్పనిసరి.

మధ్యాహ్నం మూడు గంటలు. షెడ్డులో 31 డిగ్రీలు, తేమ 74 శాతం. బానెట్ రేకు 34 డిగ్రీలు. సీసాతో వచ్చిన కాగితం మీద “వేశాక ఒకటి నుంచి రెండు నిమిషాలకు తుడవండి” అని ఉంది. నేను దాన్నే నమ్మాను. అదే కాగితం మీద, అడుగున, 15–25 డిగ్రీలు అని కూడా ఉంది.

బానెట్‌ను రెండు సగాలు చేసి, ఒక సగం మొత్తం పూసి, ఫోన్‌లో 90 సెకన్లు పెట్టుకున్నాను. గుడ్డ పెట్టగానే తెలిసింది. జారాల్సిన గుడ్డ జిగురు మీద పెట్టినట్టు పట్టేసింది. బలంగా తుడిచాను. రెండో సగం కూడా అంతే. షెడ్డు ట్యూబ్‌లైటు కింద చూస్తే బాగానే ఉన్నట్టుంది. చేయి నొప్పి తప్ప అనుమానం రాలేదు.

మర్నాడు పొద్దున తమ్ముడు వచ్చి బానెట్ పక్కన వంగి చూశాడు.

“అన్నయ్యా, ఇటు వచ్చి చూడు. నూనె చేత్తో ముట్టుకున్నట్టుంది.”

“తుడుపు మరక అయ్యుంటుందిలేరా.”

“కాదన్నయ్యా, చెయ్యికి రావట్లేదు.”

ఎదురుగా నిలబడితే ఏమీ లేదు. మోకాళ్ల మీద కూర్చుని, టార్చిని బానెట్‌కు దాదాపు ఆనించి పక్కనుంచి వేస్తే అన్నీ బయటపడ్డాయి. వేలి వెడల్పు చారలు, మిగతా నీలం కంటే కొంచెం నల్లగా, అంచుల్లో పెట్రోలు నీళ్లలో పడినట్టు ఇంద్రధనుస్సు రంగు. ఒక్కో చార నా తుడుపు ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది. నేను గుడ్డ ఏ దిక్కున తిప్పానో మొత్తం అందులో చదవొచ్చు. వీటినే హై స్పాట్లంటారు: సమం కాకముందే గట్టిపడిపోయిన అదనపు కోటింగ్.

గంట లోపు చూసి ఉంటే బతికేవాణ్ని. తాజా కోటింగ్ ఒకటి రెండు చుక్కలు ఆ చార మీదే పూస్తే కింద ఉన్నది మెత్తబడుతుంది, వెంటనే సమంగా తుడిచేయొచ్చు. పద్నాలుగు గంటల తర్వాత ప్రయత్నిస్తే ఏమీ కదల్లేదు. ఐపీఏకు కదల్లేదు. పాలిషింగ్ తప్ప దారి లేదు.

ఈ దశ: 3 గంటలు, మొత్తం 26 గంటల 15 నిమిషాలు. కోటింగ్ 9 మి.లీ. పారేసిన గుడ్డలు 4.

దశ 5: తీసేయడం, కారణం వెతకడం (రోజులు 8, 9, 10)

మధ్యరకం ప్యాడ్‌తో బానెట్ మొత్తం మళ్లీ. కోటింగ్ ఉన్న చోట మెషిన్ చప్పుడే వేరుగా ఉంటుంది, కొంచెం కీచుమంటుంది. ప్యాడ్ తొందరగా నిండిపోతుంది, ప్రతి చదరానికీ బ్రష్‌తో శుభ్రం చేశాను. పోయిందో లేదో తెలుసుకోవడానికి నీళ్లు చల్లి చూశాను: కోటింగ్ మిగిలిన చోట నీళ్లు ముత్యాల్లా ముడుచుకుంటాయి, పోయిన చోట పల్చగా పరుచుకుంటాయి. ఈ పని 4 గంటల 30 నిమిషాలు. బానెట్ ఇప్పుడు 118. ఒక్క మధ్యాహ్నపు తొందరకు రెండు మైక్రాన్ల క్లియర్ కోట్, అది తిరిగి రాదు. ఇదే నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది.

తర్వాత, ముందే చేసి ఉండాల్సిన పరీక్ష. పెట్రోలు మూత మీద, దాని చుట్టూ కొంచెం మేర వేర్వేరు వేళల్లో కోటింగ్ చుక్క పూసి, ఎన్ని సెకన్లకు అది చిన్న చిన్న చెమట చుక్కల్లా విడిపోవడం మొదలవుతుందో స్టాప్‌వాచ్‌తో చూశాను. తుడవాల్సిన క్షణం అదే.

రేకు 22 డిగ్రీలు: 70 సెకన్లు
రేకు 27 డిగ్రీలు: 45 సెకన్లు
రేకు 33 డిగ్రీలు: 25 సెకన్లు

ఇవి నా సీసాకు, నా షెడ్డుకు వచ్చిన అంకెలు. మీ సీసాకు వేరే ఉంటాయి, కానీ వరస మాత్రం ఇలాగే ఉంటుంది. 25 సెకన్లలో తుడవాల్సిన దాన్ని నేను 90 సెకన్లు ఉంచాను. పైగా సగం బానెట్ పూసేసరికే నిమిషం పైన పట్టింది, మొదట పూసిన మూల అప్పటికే గట్టిపడుతోంది.

మరీ చల్లటి వేళ కూడా ప్రమాదమే. రేకు మీద కంటికి కనిపించని మంచు తేమ ఉండొచ్చు. దీనికి ఒక సులువు లెక్క ఉంది: తేమ 50 శాతం పైన ఉన్నప్పుడు, 100 లోంచి తేమ శాతం తీసేసి, ఐదుతో భాగించి, వచ్చిన అంకెను గాలి ఉష్ణోగ్రత లోంచి తీసేస్తే మంచు పడే ఉష్ణోగ్రత దాదాపుగా వస్తుంది. రేకు దానికంటే కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలి.

మార్చినవి:

1. వేళ: మధ్యాహ్నం బదులు తెల్లవారుజాము.
2. వైశాల్యం: సగం బానెట్ బదులు 40 సెం.మీ. చదరం.
3. గడియారం: కాగితం మీది అంకె కాకుండా ఆ పూట రేకు వేడికి నేను కొలిచిన అంకె.
4. వెలుతురు: పైన ట్యూబ్‌లైటుతో పాటు, పక్కనుంచి వాలుగా పట్టుకునే టార్చి. దాన్ని పట్టుకోవడానికి రెండో మనిషి.
5. గుడ్డలు: ఒకటి కాదు రెండు. మొదటిది అదనాన్ని ఎత్తడానికి, రెండోది సమం చేయడానికి.

ఈ దశ మొత్తం 5 గంటల 45 నిమిషాలు, ఇప్పటిదాకా 32 గంటలు. కోటింగ్ 12 మి.లీ., గుడ్డలు 6.

దశ 6: రెండో ప్రయత్నం, బండి మొత్తం (రోజు 14)

వాతావరణం కోసం నాలుగు రోజులు ఆగాను. తెల్లవారుజామున నాలుగున్నరకు గాలి 22 డిగ్రీలు, తేమ 58 శాతం, రేకు 22. లెక్క ప్రకారం మంచు ఉష్ణోగ్రత 13.6. కావాల్సిన తేడా ఉంది.

సీసా తెరిచి ఎనిమిది రోజులైంది కాబట్టి ముందు గాజు ముక్క మీద రెండు చుక్కలు వేసి చూశాను. పలుకులు లేవు, చిక్కబడలేదు. పలుకు కనిపిస్తే సీసా మొత్తం పారేయాల్సిందే, ఆ పలుకులు పెయింటు మీద గాజు పెంకుల్లా గీస్తాయి.

ఒక్కో చదరానికి వరస ఇది:

1. ఐపీఏతో తుడుపు, గుడ్డ మడత మార్చి పొడి తుడుపు.
2. స్పాంజి దిమ్మకు చుట్టిన సూయెడ్ గుడ్డ మీద 8 చుక్కలు. మొదటిసారి మాత్రం 12, పొడి గుడ్డ కొంత పీల్చుకుంటుంది.
3. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. ప్రతి వరస ముందు వరసను సగం కప్పాలి.
4. 65 సెకన్లు. తమ్ముడు టార్చి వాలుగా పట్టుకుంటే చెమట చుక్కలు విడవడం కనిపిస్తుంది.
5. మొదటి గుడ్డ, బరువు లేకుండా. రెండో గుడ్డ, మడత మార్చుకుంటూ.
6. తర్వాతి చదరం పూశాక, వెనక్కి వచ్చి ఇంతకుముందు చదరాన్ని టార్చితో మళ్లీ చూడడం.

ఆరో అడుగే ఈసారి పని కాపాడింది. వెనక్కి తిరిగి చూసిన ప్రతిసారీ కాకపోయినా, మొత్తం మీద పదకొండు హై స్పాట్లు దొరికాయి. ఎక్కువ భాగం రెండు చదరాలు కలిసే గీత మీద, డోర్ హ్యాండిళ్ల కింద. అన్నీ ఐదు నిమిషాల లోపువే కాబట్టి ఒక్క తుడుపుతో పోయాయి.

ఆరున్నరకు రేకు 25 డిగ్రీలకు వచ్చింది. గడియారాన్ని 50 సెకన్లకు తగ్గించాను. ఎనిమిదింటికి 27 దాటుతుంటే 40. ఆఖరుగా వేసిన డిక్కీకి చదరాన్ని కూడా 30 సెం.మీ.కు తగ్గించాను.

సూయెడ్ గుడ్డను ప్రతి రెండు ప్యానెళ్లకు మార్చాను. ఎండిపోయిన గుడ్డ గట్టిపడి గీస్తుంది. తుడిచిన మైక్రోఫైబర్ గుడ్డలు కూడా అంతే, ఉతికినా లోపల గట్టిపడిన సిలికా పోదు. పారేయడమే.

ఈ దశ: 5 గంటల 45 నిమిషాలు. మొత్తం 37 గంటల 45 నిమిషాలు. కోటింగ్ 38 మి.లీ. గుడ్డలు 18.

దశ 7: ఆరబెట్టడం (రోజులు 14–21)

మొదటి 24 గంటలు నీళ్లు తగలకూడదు, వారం రోజులు షాంపూ తగలకూడదు. బండికి కవర్ కప్పలేదు, మెత్తగా ఉన్నప్పుడు ఒరుసుకుంటుంది.

తొమ్మిదో గంటకు షెడ్డు రేకు నుంచి కారిన చుక్కలు డిక్కీ మీద పడ్డాయి. రుద్దకుండా పొడి గుడ్డతో అద్ది తీశాను. అయినా ఒక తెల్లటి ఉంగరం మిగిలింది. వారం ఆగి, ఆ అరచేతి మేర పాలిష్ చేసి, మళ్లీ కోటింగ్ వేశాను. అంచు కనిపించట్లేదు.

మొత్తం: 38 గంటల 30 నిమిషాలు. కోటింగ్ 39 మి.లీ. గుడ్డలు 20.

దశ 8: నాలుగు నెలల గమనికలు

*నీళ్లు.* తామరాకు మీద నీటిబొట్టులా అంటాం గానీ, తామరాకు మీద బొట్టు ఆకుతో చేసే కోణం 150 డిగ్రీలు దాటుతుంది. మంచి కోటింగ్ మీద అది 100–110 దగ్గర ఉంటుంది. అది చాలు, బురద అంటుకోవడం తగ్గింది. కడగడం, ఆరబెట్టడం కలిపి ఇదివరకు 70 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 45.

కానీ ఈ ముత్యాల్లాంటి చుక్కలే కొత్త సమస్య తెచ్చాయి. మా నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) 480 పీపీఎం. పరుచుకున్న నీళ్లు పల్చగా ఆరతాయి. చుక్కగా నిలిచిన నీళ్లలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం అంతా ఒకే చోట ఉంగరంలా పేరుకుంటుంది. ఎండలో ఆరనిస్తే అది కోటింగ్‌ను కూడా తింటుంది. మొదటి నెలలో బానెట్ మీద ముప్పైకి పైగా ఉంగరాలు లెక్కపెట్టాను. వైట్ వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి తడిపిన గుడ్డను నిమిషం పరిచి, తర్వాత బాగా కడిగితే నాలుగు తప్ప అన్నీ పోయాయి. ఇప్పుడు ఆఖరి కడుగుడు ఐదు లీటర్ల డిమినరలైజ్డ్ నీళ్లతో, వెంటనే పెద్ద గుడ్డతో ఆరబెడతాను. కొత్త ఉంగరం రాలేదు.

*పిట్ట రెట్టలు.* ఆరు గంటల్లో కడిగినవి జాడ లేకుండా పోయాయి. రెండు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి ఎండలో ఉండిపోయిన ఒకటి మాత్రం టాప్ మీద మచ్చ చేసింది. కోటింగ్ కొంత గడువు ఇస్తుంది, మనం కడగడం మానేయడానికి కాదు.

*గీతలు.* రెండో నెలలో ఒక కొమ్మ కుడి డోర్‌ను గీసింది, గీత పడింది. సీసా మీద 9హెచ్ అని పెద్ద అక్షరాలుంటాయి. అది వజ్రం, క్వార్ట్జ్ వరసలో చెప్పే మోస్ గట్టిదనం కాదు, పెన్సిల్ పరీక్ష. వేర్వేరు గట్టిదనాల పెన్సిళ్లను పూత మీద తోసి, ఏది గీయలేదో చెప్పడం. 9హెచ్ పెన్సిల్ గీయలేకపోయిందని అర్థం, అంతే. రోడ్డు ధూళిలో ఉండే క్వార్ట్జ్ మోస్ కొలమానం మీద 7. పెన్సిల్‌కు లొంగనిది దానికి లొంగుతుంది. ఎగిరొచ్చే రాళ్ల నుంచి కాపాడాలంటే 150–200 మైక్రాన్ల పాలీయురిథేన్ ఫిల్మ్ కావాలి, ఒక మైక్రాన్ కోటింగ్‌ను ఆ పని అడగకూడదు.

*11వ వారం.* రెండు డోర్ల కింది సగం మీద నీళ్లు ముడుచుకోవడం ఆగిపోయింది. కోటింగ్ అప్పుడే పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. మిగతా డోర్ మీద బాగానే ఉంది. చక్రాల పక్కన ఉన్న భాగమే కాబట్టి పైన మురికి పేరుకుని ఉండొచ్చనిపించింది. మళ్లీ వేసే ముందు ఐరన్ రిమూవర్ కొట్టి, నీడలో నాలుగు నిమిషాలు ఉంచి కడిగాను. వంకాయ రంగు మళ్లీ దిగింది. తర్వాత టార్ రిమూవర్, షాంపూ. నీళ్లు చల్లితే ఎడమ డోర్ మీద చుక్కలు పైభాగంతో సమానంగా నిలబడ్డాయి. కుడి డోర్ మీద, సిల్‌కు పైన అరచేతి వెడల్పు పట్టీ మాత్రం పరుచుకునే ఉంది. అక్కడ మాత్రం నిజంగానే అరిగింది.

*16వ వారం.* ఆ పట్టీకి వేద్దామని సీసా తీశాను. అడుగున 11 మి.లీ. ఉండాలి. గాజు మీద చుక్క వేస్తే తేనెలా సాగింది, మధ్యలో తెల్లటి పలుకులు. పారేశాను. ఈసారి 10 మి.లీ. చిన్న సీసా తెస్తాను. పట్టీకి 3 మి.లీ. చాలు, మిగిలింది కుడి డోర్ మీది కొమ్మ గీతను పాలిష్ చేశాక అక్కడికి. తెల్లవారుజామున రేకు 24 డిగ్రీలకు మించని రోజు కోసం చూస్తున్నాను.